మోకులా చుట్టుకున్న మఫ్లర్

నా మొదటి మఫ్లర్ డిజైన్ ఒక్క మధ్యాహ్నంలో తయారైంది. టీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. లేచేసరికి మఫ్లర్ పూర్తయింది, టీ ఇంకా వేడిగానే ఉంది. ఒక్క వరుస విప్పలేదు, ఒక్క దారం తెంపలేదు. ఆ చలికాలం నాచారం నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా సగం జనం మెడల మీద నా అల్లికే.

ఈ మాట నేను చాలా పెళ్ళిళ్ళలో, రెండు సన్మాన సభల్లో చెప్పాను. ఎవరూ కాదనలేదు. మఫ్లర్ గురించి వాదించడానికి విస్తరి ముందు నుంచి ఎవరు లేస్తారు? కానీ ఈమధ్య మా వీధిలో అల్లికలు నేర్చుకుంటున్న ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు, బ్యాంకులో పనిచేసే ఒకాయన ఊలుండలు పట్టుకుని వస్తున్నారు. "మొదటి మఫ్లర్ ఎవరిదో చూసి కాకుండా మేమే డిజైన్ చేసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. వాళ్ళకు ఈ టీ గ్లాసు కథ చెబితే చెడిపోతారు. కాబట్టి నిజం రాద్దామని కూర్చున్నాను. మొత్తం నిజమేనని హామీ ఇవ్వను. అలవాటు లేని పని.

మాస్టర్ అంటే

నాచారం పారిశ్రామికవాడలో ఒక స్వెటర్ల కార్ఖానా. అందులో నేను నిట్టింగ్ మాస్టర్‌ని. మాస్టర్ అంటే మెడలో టేపు వేసుకుని, చేతిలో పెన్సిల్ పట్టుకుని, ఎవరు ఏమడిగినా "చూద్దాం" అనేవాడు. నా కింద ఎనిమిది చేతి మెషీన్లు ఉండేవి. ఒక్కో మెషీన్ మీద సూదులు రెండు పట్టెలుగా, పెంకుటింటి కప్పులా ఏటవాలుగా ఎదురెదురుగా ఉంటాయి. పైన క్యారేజీ. దాన్ని చేత్తో అటు తోస్తే ఒక వరుస, ఇటు తోస్తే ఇంకో వరుస. అల్లిన గుడ్డ ఆ రెండు పట్టెల మధ్య సందులోంచి కిందికి దిగుతుంది. అది సాగి నిలబడడానికి కింద ఇనుప బరువులు వేలాడదీస్తాం.

మేం అల్లేవి ఎక్కువగా బడిపిల్లల స్వెటర్లు. ముందు ముక్క, వెనక ముక్క, రెండు చేతులు. నడుము దగ్గరా మణికట్టు దగ్గరా గీతలు గీతలుగా, బిగువుగా ఉండే అల్లికను బార్డర్ అంటాం. మిగతాదంతా సాదా. ముక్కలన్నీ ఫినిషింగ్ టేబుల్‌కు పోతాయి. అక్కడ హెల్పర్లు వాటిని చేత్తో సాపు చేసి, ఇస్త్రీ పట్టించి, కుట్టేవాళ్ళకు అందిస్తారు. మళ్ళీ అది స్వెటరై వచ్చాకే నా కంట పడుతుంది. మధ్యలో ఏం జరుగుతుందో ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ నిలబడి చూడలేదు. మాస్టర్ అన్నవాడు ఫినిషింగ్ టేబుల్ దగ్గర నిలబడితే గౌరవం తగ్గుతుందని నా గురువు చెప్పాడు. ఆయన నేర్పిన వాటిలో నేను తు.చ. తప్పకుండా పాటించింది ఇదొక్కటే.

ఏ ముక్క ఎలా అల్లాలో ఒక అట్టముక్క మీద రాస్తాం. ఎన్ని సూదులు, ఎన్ని వరుసలు, ఎక్కడ తగ్గించాలి, ఇవీ అందులో ఉండేవి. దాన్ని కార్డు అనేవాళ్ళం. కార్డు కింద దాన్ని తయారుచేసినవాడి పేరు ఉండి తీరాలి. ఇది యజమాని పెట్టిన నియమం కాదు, ఆపరేటర్లు ఎప్పటి నుంచో పెట్టుకున్న కట్టుబాటు. పేరు లేని కార్డును ఎవరూ మెషీన్ మీద పెట్టరు. మధ్యలో లెక్క తప్పితే ఎవర్ని తిట్టాలో తెలియాలి కదా! ఇందులో ఇంకో సంగతి ఉంది. కార్డు కింద పేరు పడిన మనిషిని ఆ తర్వాత ఎవరూ హెల్పర్ అనడానికి వీల్లేదు.

నా పేరు ఎన్ని వందల కార్డుల కింద ఉందో నాకే తెలియదు. అయితే ఇక్కడొకటి ఒప్పుకోవాలి. అవన్నీ నా గురువు కార్డులే. సైజుకు తగ్గట్టు అంకెలు మార్చి, కింద నా పేరు ఆయన పేరు కన్నా కాస్త పెద్దగా రాసేవాణ్ణి. సొంతంగా, తెల్ల అట్ట ముందు పెట్టుకుని, ఏమీ చూడకుండా ఒక్క ముక్కా డిజైన్ చేసి ఎరగను.

సేటు మాట

తెలంగాణ రావడానికి ఇంకా రెండు మూడేళ్ళుందనగా, ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపెట్టిన రోజులు. కార్ఖానాలకు వారంలో కొన్ని రోజులు కరెంటు బంద్. మా సేటు ముచ్చటపడి తెచ్చుకున్న కంప్యూటర్ మెషీన్లు ఆ రోజుల్లో దుప్పటి కప్పుకుని పడుకునేవి. నా ముసలి చేతి మెషీన్లు మాత్రం గరగరమంటూ నడిచేవి. అయినా సేటుకు వాటిని చూస్తే చిరాకే. తుక్కు కొనేవాణ్ణి ఒకటికి రెండుసార్లు పిలిపించి చూపించాడు. సేటు చెడ్డవాడు కాదు. అయ్యుంటే రాయడం నాకు సులువయ్యేది. కొత్తది కొన్నవాడికి పాతది పనిచేస్తుంటే ఒళ్ళు మండుతుంది, అంతే.

అప్పుడొచ్చాడు ఒక సెక్యూరిటీ ఏజెన్సీ మేనేజర్. మనిషి కన్నా మీసం ముందు లోపలికి వచ్చింది.

"మా గార్డులకు మఫ్లర్లు గావాలె. మెరూన్ రంగు. రెండు కొసలకు పసుపు చారలు. మెత్తగుండాలె, చెవులు గప్పాలె, సూస్తే జర రుబాబుండాలె. ముందుగాల ఒక శాంపిల్ ఇయ్యిన్రి, నేనే కట్టుకొని తిరిగి సూస్త."

చిన్న ఆర్డరు. కంప్యూటర్ మెషీన్‌కు చాలదు, చేతి మెషీన్‌కు సరిగ్గా సరిపోతుంది. మేనేజర్ వెళ్ళాక సేటు నన్ను గదిలోకి పిలిచాడు.

"మాస్టర్, సాఫ్ చెప్తున్న. ఈ శాంపిల్ పాసైతే మీ చేతి మెషీన్లు ఉంటయి. కాకపోతే తుక్కుకే. అప్పుడు ఫినిషింగ్ టేబుల్ మీద ముగ్గురెందుకు? ఒక్కరు చాలు."

ఆ ముగ్గురిలో చివర చేరింది యాదమ్మ. కీసర దగ్గర పల్లె. దమ్మాయిగూడలో చిన్న గది తీసుకుని చెల్లెలితో ఉండేది. మనిషి సన్నం, మాట మందం. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుతుంటే ఈమె రెండు ముద్దలు గబగబా మింగి, మూలనున్న ఎనిమిదో నంబరు మెషీన్ దగ్గరికి పోయేది. దాని క్యారేజీ ఇరుక్కుంటుందని ఎవరూ ముట్టరు. చిల్లర దారాలతో దాని మీద అల్లడం తనకు తానే నేర్చుకుంది. ఒకసారి అడిగాను.

"ఎందుకు యాదమ్మా గీ తిప్పలు?"

"టేబుల్ కాడ ఉన్నోళ్ళను ఎప్పుడంటె అప్పుడు పొమ్మంటరు మాస్టర్. మెషీన్ మీద ఉన్నోళ్ళను పొమ్మనరు. నాకు మెషీన్ గావాలె."

"చూద్దాం" అన్నాను. మాస్టర్ల భాషలో చూద్దాం అంటే మర్చిపోతాను అని. ఇప్పుడు సేటు మాటతో ఆమెకు మెషీన్ సంగతి దేవుడెరుగు, ఉన్న టేబుల్ కూడా పోయేలా ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు.

సరిపోయినంత

మొదటి కార్డు రాశాను. "తొంభై సూదులు. సాదా అల్లిక. రెండు చివర్లా ఐదేసి వరుసల పసుపు చారలు రెండు. మధ్యలో సరిపోయినంత." కింద నా పేరు, పేరు కింద ఒక గీత, గీత కింద ఇంకో గీత. దాన్ని యాకూబ్ భాయ్‌కి ఇచ్చాను.

యాకూబ్ భాయ్ నా దగ్గరున్న ఆపరేటర్లలో అందరికన్నా పనిమంతుడు. నేనంటే గిట్టదు. కారణం ఉంది. ఒకసారి నా లెక్క తప్పి, ఒక బడికి కుడిచెయ్యి పొట్టిగా ఉన్న స్వెటర్లు వెళ్ళిపోయాయి. సేటు కేకలేస్తే ఆ తప్పు మెల్లగా యాకూబ్ భాయ్ వైపు జరిపాను. అప్పటినుంచి ఆయన నా కార్డులో ఏది ఉంటే అదే అల్లుతాడు. లేనిది ఊహించి నన్ను కాపాడడం మానేశాడు.

ఐదు వరుసల పసుపు చార అల్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది భాయ్?"

"మెరూన్ దారం ఆ కొసకుంది, క్యారేజీ ఈ కొసకుంది. దాన్ని పిలువాల్నా, నేనే పోయి తెచ్చుకోవాల్నా? కార్డుల రాయలే."

ఒక వరుస అటు పోతే, తర్వాతి వరుస ఇటు వస్తుంది. బేసి సంఖ్యలో ఆపితే దారం ఒక వైపు, మీరొక వైపు. చేతి సూదులతో అల్లేవాళ్ళకూ ఇదే తిప్పలు. చారలు ఎప్పుడూ సరి వరుసలే వేసుకోండి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు తర్వాత ఈ పాఠం నేను నలుగురి ముందు, నోరు తెరుచుకుని నేర్చుకున్నాను.

ఆరు అని దిద్ది టీకి వెళ్ళాను. మాట్లాడుకుంటూ కూర్చుని, తిరిగొచ్చేసరికి మెరూన్ రంగు గుడ్డ మెషీన్ కిందనుంచి పారుతూ, దారం డబ్బాల మధ్యగా మెలికలు తిరిగి, సేటు గది గుమ్మం దాకా పోయి ఉంది.

"ఆపు, ఆపు! ఏంది భాయ్ ఇది?"

"మఫ్లర్."

"ఇంత పొడుగా?"

"సరిపోయినంత అని రాసినవ్ గద మాస్టర్. ఎవరికి సరిపోవాల్నో రాయలే. నేను ఒంటెకనుకున్న."

షెడ్డంతా నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు ఒకటి అర్థమైంది. అల్లగలగడం వేరు, డిజైన్ చేయడం వేరు. మీ చేతికి తెలిసినదంతా మీ నోరు లేకుండా కాగితం ఒక్కటే చెప్పగలగాలి. అది చెబుతోందో లేదో తెలియాలంటే మీ డిజైన్‌ను మీ అక్కకో స్నేహితురాలికో ఇవ్వకండి. వాళ్ళు మీ మీది ప్రేమతో తప్పులు సర్దేస్తారు. మీరంటే గిట్టని మనిషిని వెతికి ఇవ్వండి. అలాంటి మనిషి లేకపోతే, ఈ పనిలో కొన్నాళ్ళుండండి, దొరుకుతారు.

ఇంకోటి. మొదటి మఫ్లర్ మీదే నెమలి, గులాబీ, మీ పేరు పొడి అక్షరాలు వేయాలని కూర్చోకండి. రెండు చారలకే నా బతుకు ఇలా అయింది.

తాడెక్కే సామాను

వరుసలు లెక్కపెట్టి రెండో కార్డు రాశాను. పొడవు నా మెడతో కొలిచాను. అదీ పొరపాటే. నాకు మెడ ఉందన్న సంగతి మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. మళ్ళీ యాకూబ్ భాయ్ మెడతో కొలిచి, మూడో కార్డు రాసి, అల్లించాను. ఈసారి మెషీన్ మీద చూడాలి దాన్ని! బరువులు కట్టి వేలాడుతుంటే రాజుగారి పతాకంలా సాపుగా, నిటారుగా ఉంది. బరువులు తీశాక అంచులు కాస్త లోపలికి తిరిగాయి. కొత్తది కదా, బెట్టు చేస్తోందనుకున్నాను. పైపైన ఇస్త్రీ పట్టిస్తే అప్పడంలా పడుకుంది.

మేనేజర్ వచ్చాడు, మెడకు చుట్టుకున్నాడు, అద్దంలో మీసం చూసుకున్నాడు. "రుబాబుంది" అన్నాడు. స్కూటరెక్కి ఉప్పల్ వైపు పోయాడు. నేను అందరికీ టీ చెప్పి, ఉస్మానియా బిస్కట్లు తెప్పించాను. సేటు భుజం తట్టాడు. తట్టిన చెయ్యి తీసేలోపే స్కూటర్ తిరిగొచ్చింది.

మేనేజర్ మెడలో ఉన్నదాన్ని తీసి టేబుల్ మీద వేశాడు. రెండు అంచులూ లోపలికి చుట్టుకుని, ఒకదాన్నొకటి కలుసుకుని, బొటనవేలంత లావున బిగుసుకుపోయి ఉంది. చెవులు కప్పడం మాట అటుంచి, చెవిలో దూర్చుకునేలా ఉంది.

"ఏంది మాస్టర్ ఇది? మెడకేసుకోవాల్నా, తాడిచెట్టు ఎక్కాల్నా? మఫ్లర్ అడిగితే గీత కార్మికుల మోకు ఇచ్చినవ్!"

"స్కూటర్ గాలికి అట్లయిందేమో" అన్నాను.

"మా గార్డులను గాలి రాని కాడ నిలబెట్టాల్నా?"

వచ్చే సోమవారం దాకా గడువిచ్చి పోయాడు. సేటు నన్ను తిట్టలేదు. ఎనిమిది మెషీన్లనూ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయి, గదిలో ఫోనెత్తాడు. తుక్కువాడితో మాట్లాడుతున్నాడని గొంతును బట్టే తెలిసింది. నాకు రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది, పోతే పరువు పోతుంది. ఫినిషింగ్ టేబుల్ వైపు చూశాను. యాదమ్మ తల వంచుకుని భుజాలు ఊపుతోంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది.

నడుమ ఎవరు సూస్తరు

"నవ్వకు యాదమ్మా. నీ పని గూడ పోతది."

"అందుకే నవ్వుతున్న. ఏడిస్తె ఉంటదా?"

కుప్పలోంచి ఒక స్వెటర్ వెనక ముక్క తీసింది. రెండు చేతులతో సాపుగా పట్టుకుని వదిలేసింది. అది చుట్టుకుపోయింది. ఇంకోటి తీసింది. అదీ అంతే.

"సూడు. పొద్దుగాల నుంచి పొద్దుమీకె దాక నా పని గిదే. వీటిని సాపు జేసుడు. సాదా ముక్క ఏదైనా చుట్టుకుంటది. గీ కిందున్న బార్డర్ సూడు, ఎన్నడన్న చుట్టుకుందా?"

చూశాను. బార్డర్ బుద్ధిగా పడుకుని ఉంది. దాని పైనున్న సాదా అంతా రెండు పక్కలనుంచి ముడుచుకుని ఉంది.

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు అడిగినవా? నువ్వు మెషీన్ మీద సూస్తవ్, ఆడ బరువులుంటయ్. స్వెటర్ అయినంక సూస్తవ్, ఆడ కుట్లుంటయ్. నడుమ నేనుంట. నడుమ ఎవరు సూస్తరు?"

ఇదండీ, ఇంత పెద్ద మాస్టర్ చేసిన తప్పు. మామూలు మనిషి ఎవరూ చేయలేరు, జీవితమంతా స్వెటర్లు అల్లినవాడే చేయగలడు. స్వెటర్ ముక్కకు పక్క అంచులు ఎప్పుడూ కుట్టులోకి పోతాయి, అవి ఎటు చుట్టుకుంటే ఎవరికి కావాలి? మఫ్లర్‌కు కుట్టు లేదు. నాలుగు అంచులూ బయటే. దాన్ని పట్టి ఉంచేవాడు లేడు, తనంతట తనే నిలబడాలి. మొదటి మఫ్లర్ డిజైన్ చేసేవాళ్ళు రంగు తర్వాత చూసుకోండి, ముందు అంచు సంగతి చూడండి.

ఇంత చెప్పాక కూడా "నాకు తెలుసులే" అన్నాను. తెలిసినవాడిలా రెండు చివర్లకు మాత్రం బార్డర్ పెట్టి అల్లించాను. పక్కలు యథాప్రకారం చుట్టుకున్నాయి. తర్వాత పక్క అంచుల్లో నాలుగేసి సూదుల బార్డర్ వేసి, నడుమ సాదా ఉంచాను. ఈసారి అంచు బార్డర్‌తో సహా మడతపడింది, నడుమ పూరీలా పొంగింది. యాకూబ్ భాయ్ దాన్ని వేలితో నొక్కి, "కూర ఏడుంది మాస్టర్?" అన్నాడు.

యాదమ్మ వచ్చి నిలబడింది. "అంచుకొక తీరు, నడుమకొక తీరు ఎందుకు? మా తాత గొంగళ్ళు నేసేటోడు. అంచు నిలబడకుంటే నడుమ ఎంత మంచిగున్నా గొర్లకాపరి గూడ ముట్టడనేటోడు. మొత్తం బార్డరే అల్లు."

"మొత్తం బార్డరా? చూసినోళ్ళు నవ్వరూ?"

"ఇప్పుడేమన్న ఏడుస్తున్నరా?"

బార్డర్‌లో ఒక గీత ముఖం ఇటు, పక్క గీత ముఖం అటు ఉంటాయి. సాదా గుడ్డ అంతా ఒకే వైపు లాగుతుంది కాబట్టి చుట్టుకుంటుంది. ఇక్కడ ఇద్దరూ చెరోవైపు లాగి, ఎవరూ గెలవక, సాపుగా ఉండిపోతారు. మంచి కాపురం లాంటిది. చేతి సూదులతో అల్లే అమ్మాయిలు ఒకటి సీదా, ఒకటి ఉల్టా అంటారే, అదే.

అయితే బార్డర్‌కు బిగువెక్కువ. నా తొంభై సూదులతో అల్లితే జడకు కట్టే రిబ్బనంత వచ్చింది. నేను నూట పది పెడదామన్నాను. ఎందుకు నూట పది అంటే చెప్పలేను, నోటికొచ్చింది. యాదమ్మ మాత్రం ఎనిమిదో నంబరు మీద ముప్పై సూదులతో జానెడు ముక్క అల్లి, బ్యాగులో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయింది. మర్నాడు ఉద్యమం వాళ్ళ బంద్. ఆ మర్నాడూ బంద్. రెండు రోజులు ఆటోలు లేవు, కార్ఖానా లేదు. గడువులో రెండు రోజులు పోయాయని నేను ఇంట్లో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

మూడో రోజు ఆమె ఆ ముక్కను టేబుల్ మీద పెట్టింది. మొదటి రోజు బకెట్లో నానబెట్టి, బట్టలతో పాటు ఉతికి, రేకుల మీద ఆరేసింది. రెండో రోజు మణికట్టుకు చుట్టుకుని పని చేసుకుంది, దాని మీదే పడుకుంది, మళ్ళీ ఉతికింది. ఇప్పుడు లాగకుండా, నొక్కకుండా, అలా పడుకోబెట్టి టేపు పెట్టింది.

"ఉతకంగనే రెండు వేళ్ళ మందం పొడుగైంది. అడ్డం గూడ జర వదులైంది. ఇగ గీ లెక్కన ఎన్ని సూదులో సూడు."

నేను కాదు, ఆమే చూసింది. ఏడో తరగతి చదువుతో, దారం అట్టపెట్టె వెనక పెన్సిల్‌తో హెచ్చవేసి, సూదులు ఇన్ని, వరుసలు ఇన్ని అని తేల్చింది. నేను నా సర్వీసులో ఏ శాంపిల్‌నూ ఉతికి చూడలేదు. ఉతికితే స్వెటర్ పెరుగుతుంది, ఆ లోపు పిల్లాడూ పెరుగుతాడు, లెక్క సరి అనేది నా సిద్ధాంతం. మీరు ఆ సిద్ధాంతం పాటించకండి. జానెడు ముక్క అల్లండి, ఉతకండి, ఆరబెట్టండి, వాడండి, అప్పుడు కొలవండి. ఆ జానెడు ముక్క మీకు అబద్ధం చెప్పదు. నాలాంటివాళ్ళం చెబుతాం.

ఇంతకూ మొదట చెప్పిన టీ గ్లాసు సంగతి. ఒక్క మధ్యాహ్నం కాదు, రెండు వారాలకు పైనే పట్టింది. విప్పని వరుస లేదు. టీ వేడిగా ఉన్న మాట నిజమే, అది ఆ పూట నాలుగోసారి తెచ్చింది. నాచారం నుంచి ఉప్పల్ దాకా సగం జనం అన్నది ఒక్క ఏజెన్సీ గార్డులు. వాళ్ళలోనూ కొందరు దాన్ని సైకిల్ సీటుకు చుట్టుకున్నారు.

సోమవారం

యాదమ్మ లెక్కను శుభ్రంగా కార్డు మీదికి ఎక్కించింది నేనే. నా చేతిరాత బాగుంటుంది. కింద చెయ్యి అలవాటుగా నా పేరు రాసింది. చెయ్యి అంటున్నాను గాని, చెయ్యి నాదే.

సోమవారం మేనేజర్ కొత్త శాంపిల్ కట్టుకుని, ఉప్పల్ గుంతలన్నీ ఎక్కిదిగి వచ్చాడు. గుంజాడు, మెలిపెట్టాడు, ఉండచుట్టి జేబులో కుక్కి తీశాడు. అది విదిల్చుకుని సాపుగా పరుచుకుంది. "ఇది మఫ్లర్!" అన్నాడు. సేటు లోపలికి పోయి తుక్కువాడికి రావద్దని ఫోన్ చేశాడు. నేను కార్డు యాకూబ్ భాయ్ చేతికి ఇచ్చి, మొదలుపెట్టమన్నాను.

యాకూబ్ భాయ్ కార్డు చదివాడు. తిరగేసి నా ముందు పెట్టాడు.

"ఇది నేను పెట్ట. పేరు తప్పుంది."

సేటు గదిలోంచి బయటికి వచ్చాడు. "ఏం లొల్లి? ఎవరు చేసిన్రు ఇది?"

షెడ్డులో క్యారేజీలన్నీ ఆగిపోయాయి. యాదమ్మ చేతిలో సాపు చేస్తున్న ముక్క అలాగే ఉండిపోయింది. నేను లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. "సేటూ, ఇది యాదమ్మ చేసింది. లెక్క ఆమెది, ఆలోచన ఆమెది. నాది చేతిరాత మాత్రమే" అన్నాను. జేబులోంచి పెన్ను తీసి, అందరి ముందూ నా పేరు కొట్టేసి, ఆమె పేరు రాశాను. షెడ్డంతా చప్పట్లు. సేటు ఆ పూటే ఆమెను ఎనిమిదో నంబరు మీద కూర్చోబెట్టాడు. నా సర్వీసు మొత్తంలో నేను గర్వంగా చెప్పుకోగలిగింది ఏదైనా ఉంటే అదే.

ఇంతవరకూ రాసి, అచ్చుకిచ్చే ముందు ఒకసారి వినిపిద్దామని యాదమ్మను పిలిచాను. ఇప్పుడామె అక్కడే శాంపిళ్ళ మాస్టర్. ఆదివారం పూట మా ఇంటికి వచ్చి, కుర్చీ వద్దని గడప మీద కూర్చుని విన్నది. ఒంటె దగ్గర నవ్వింది, పూరీ దగ్గర కళ్ళు తుడుచుకుంది. సోమవారం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపింది. చప్పట్ల దగ్గర చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఉత్తదే మాస్టర్. నువ్వు లేవలే, ఏం చెప్పలే. సేటు ఎవరు జేసిన్రు అని అడుగంగనే, సూది పడ్డదని కిందికి వంగి మెషీన్ కింద దేవులాడుకుంట కూసున్నవ్. ఆడ సూది లేదు గీది లేదు, పొద్దుగాల నేనే ఊడ్చిన. 'నేను జేసిన సార్, నాకు మెషీన్ గావాలె' అని నేనే జెప్పిన. పేరు గూడ నేనే రాసుకున్న. పెన్ను యాకూబ్ భాయ్ ఇచ్చిండు. నువ్వు లేచి మోకాళ్ళు దులుపుకునేసరికి నేను మెషీన్ మీద ఉన్న."